నలభై ఒకటో పేజీ

నా జన్మలో చేసిన దొంగపనుల్లో ఇదొక్కటే ఒప్పుకుంటాను. మిగతావి మీకనవసరం. ఇది మాత్రం భుజంగరావు సార్ కథలో మధ్యలో వచ్చి కూర్చునింది కాబట్టి చెప్పక తప్పదు.

నా పేరు శశికళ. మాది బొమ్మనహళ్ళి. మా తాత కాలం నుంచి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. గార్మెంట్సులో తొమ్మిదేండ్లు కాలర్లు కుట్టి కుట్టి నడుము పడిపోతే, 1992లో ఆ పని మానేసి ఇంటి ముందర గదిలో అద్దె పుస్తకాల లైబ్రరీ పెట్టినాను. మా ఆయన దేవరాజ్‌కి అత్తిబెలెలో రంగుల ఫ్యాక్టరీలో పని. "ఈ ఏరియాలో పుస్తకాలు చదివేవాళ్ళు ఎవరుండారే, కిరాణా అంగడి పెట్టు" అన్నాడు. కిరాణా పెట్టి రోజంతా కందిపప్పు చదవమంటావా అని అడిగినాను. 

చదివేవాళ్ళు ఉండారప్పా. గార్మెంట్స్ ఆడపిల్లలు, బ్యాంకు వాళ్ళు, టీచరమ్మలు, ఇంట్లో అత్తగారి నోరు పడలేక పుస్తకంలో తలదూర్చే కోడళ్ళు, కోడలి నోరు పడలేక తలదూర్చే అత్తలు. వీళ్ళందరికీ ఒక అలవాటు ఉండాది. అద్దె లైబ్రరీల్లో పుస్తకాలు తెచ్చుకున్నోళ్ళకు చెప్పే పనిలేదు. చదివిన పుస్తకంలో ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకుంటారు. మళ్ళా పొరపాటున అదే పుస్తకం తీసుకుపోకుండా. ఒకామె పదో పేజీలో బొట్టు పెడుతుంది. ఒకాయన చివరి పేజీ మూల చింపుతాడు, ఆయన చేతులు పడిపోను. ఇంకొకామె ఇరవయ్యో పేజీలో ఇంటి నంబరు రాస్తుంది, పోస్టుమ్యాన్ వచ్చి చదువుతాడు అన్నట్టు. లోపలికి రాగానే ఎవరూ పేరు చూడరు, అట్ట చూడరు. టక్కున తమ పేజీ తెరిచి చూస్తారు. గుర్తుంటే పెట్టేస్తారు, లేకుంటే తీసుకుంటారు. చదివింది లేనిదీ తలకాయలో పెట్టుకునే పనే లేదు.

భుజంగరావు సార్ గుర్తు నలభై ఒకటో పేజీలో. నీలం పెన్సిల్‌తో చిన్న సున్నా, దాంట్లో ఒక టిక్కు. ముప్పైరెండేండ్లు ఆయన మిషన్ల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్. ఇన్‌స్పెక్టర్ అంటే లాఠీ పట్టుకునే ఇన్‌స్పెక్టర్ కాదు. తయారైన ప్రతి సామానూ భూతద్దం పెట్టి చూసి, బాగుంటే ఆ సున్నా టిక్కు గీసి పంపించడం, లేకుంటే కార్మికుని మొహాన కొట్టడం. బెజవాడ పక్కనుంచి 1961లో వచ్చినాడంట. రిటైరై మా వెనక వీధిలో ఇల్లు కట్టుకున్నాడు. 1994లో మొదటిసారి నా లైబ్రరీకి వచ్చి, ముందు నా అల్మారా వంకరగా ఉండాదని చెప్పినాడు. తర్వాత కుర్చీ కాలు పొట్టి అన్నాడు. నేను ఎట్లుండానో ఆయన చెప్పకముందే "ఏం కావాలి సార్" అని అడిగేసినాను.

"హత్యలు" అన్నాడు.

అంతే. ఆరేండ్లు ఆయన హత్యలు తప్ప ఇంకేమీ చదవలేదు. వారానికి మూడు. పొద్దున్నే స్కూటర్ ఆపి, "ఏవమ్మా, కొత్త హత్యలేమన్నా వచ్చాయా?" అని వాకిట్లోనుంచే అరిచేవాడు. మా వీధికి కొత్తగా బాడిగకు వచ్చినోళ్ళు భయపడి కిటికీలు మూసుకునేవాళ్ళు. చదివి తెచ్చి ఊరికే ఇచ్చిపోయేవాడు కాదు, తనిఖీ రిపోర్టు చెప్పేవాడు. పక్కన ఎవరుండారని చూడకుండా హంతకుడెవడో చెప్పేసేవాడు. ఆయన వల్ల నా దగ్గర ఎంతమంది డిటెక్టివ్ నవలలు మానేసి ప్రేమ కథల్లో పడినారో లెక్కలేదు.

1998లో ఒక పుస్తకం పట్టుకుని అగ్గయి వచ్చినాడు. దాంట్లో హంతకుడు గుంతకల్లులో ప్యాసింజర్ బండెక్కి ముప్పావు గంటలో ధర్మవరంలో దిగి గొంతు పిసుకుతాడంట. "ప్యాసింజరమ్మా, ప్యాసింజర్! ముప్పావు గంటకి అది గుంతకల్లు పొలిమేర దాటదు. ఈ లెక్కన హతుడు ఇంకా బతికే ఉండాలి" అని అరగంట నా తల తిన్నాడు. అంతటితో పోనిచ్చినాడా? పుస్తకం వేసిన కంపెనీకి నాలుగు పేజీల ఉత్తరం రాసినాడు. దాని కార్బన్ కాపీ నాకిచ్చి, "రికార్డుకి ఉండనివ్వు" అన్నాడు. సొరుగులో పడేసినాను. కంపెనీవాళ్ళు జవాబివ్వలేదు. నెలరోజులు వాళ్ళను తిట్టినాడు, మధ్యలో నన్నుకూడా తిట్టినాడు.

ఇంక నా దొంగపని సంగతి. 1999 చివర్లో దొడ్డబళ్ళాపురంలో ఒక మగ్గాలాయన తన లైబ్రరీ ఎత్తేస్తూ పుస్తకాలన్నీ నన్ను తీసుకుపొమ్మన్నాడు. టెంపోలో ఐదు గోనెసంచులు వేసుకొచ్చినాను. విప్పి చూస్తే ఇరవై ఎనిమిది డిటెక్టివులు, మిగతా నాలుగున్నర సంచులు ఏందేందో. తేనెటీగల పెంపకం. ఉప్పు ఎట్ల పుట్టింది, దానికోసం ఎవరెవరు తన్నుకున్నారు. చుక్కల శాస్త్రం. ఓడలో వంటచేసిన ముసలాయన ఆత్మకథ. పాముకాటు వైద్యం. హిమాలయాలకు చెప్పుల్లేకుండా పోయినాయన డైరీ. పద్యాలు, నాటకాలు, గొర్రెల జబ్బులు. దేవరాజ్ చూసి, "గొర్రెల జబ్బులు ఎవరు అద్దెకు తీసుకుంటారు, గొర్రెలా?" అని నవ్వినాడు.

నేనూ ఏడ్చుకుంటానే తుడిచి నంబర్లేసినాను. ఒక మధ్యాహ్నం కరెంటు లేక, టీవీ చూసేదానికి లేక, తేనెటీగల పుస్తకం తెరిచినాను. సాయంత్రం వరకూ లేవలేదు. పువ్వు ఎంత దూరంలో ఉండాదో ఒక ఈగ ఇంకొక ఈగకు నాట్యం చేసి చెబుతుందంట. నలభై ఏండ్లు వచ్చినాయి, ఒక్కరూ చెప్పలేదు నాకు ఈ మాట. మరుసటి రోజు ఉప్పు, ఆ మరుసటి రోజు చుక్కలు. తలకాయ గిర్రున తిరిగిపోయింది. ఎవరితోనన్నా మాట్లాడకుంటే పిచ్చి పడుతుందనిపించింది. దేవరాజ్‌తో చెబితే ఈగ నాట్యం దగ్గరే గురక పెట్టినాడు. గార్మెంట్స్ పిల్లలు "అక్కా, దాంట్లో పెండ్లి ఉండాదా?" అని అడిగినారు. భుజంగరావు సార్‌కి ఇస్తే రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలుకను పారేసినట్టు బల్ల మీద పారేసినాడు.

"హత్య ఉందా?"

"మగ ఈగల్ని చంపేస్తాయి సార్."

"నేరం రుజువైందా?" అని కొత్త డిటెక్టివుల వైపు పోయినాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంత చదువుకున్న మనిషి, ఇంత పదునైన బుర్ర, ఎప్పుడూ ఆ పీకలు కోసేదాంట్లోనే పెట్టుకోవాల్నా? ఇంకో నిజం కూడా చెబుతాను. నాకు మాట్లాడేదానికి తోడు కావాల. బొమ్మనహళ్ళి మొత్తంలో ఆయనొక్కడే పుస్తకం గురించి నిలబడి పోట్లాడే మనిషి. అందుకని ఆ సాయంత్రం తలుపేసుకుని, నీలం పెన్సిల్ చెక్కుకుని, ఆ ఇరవై ఎనిమిది డిటెక్టివుల్లో నలభై ఒకటో పేజీ తెరిచి సున్నా టిక్కు గీసేసినాను. తొమ్మిదేండ్లు కాలర్లు కుట్టిన చెయ్యి, ఒకటి చూస్తే వెయ్యి గీస్తుంది.

మరుసటి రోజు సార్ వచ్చి కొత్తది ఒకటి తీసినాడు. నలభై ఒకటి తెరిచినాడు. "ఓహో" అని పెట్టేసినాడు. ఇంకొకటి. ఇంకొకటి. ఆరో పుస్తకం చేతిలో పట్టుకుని కొంచెంసేపు నిలబడినాడు. వేలితో ఆ గుర్తును ఒకసారి తడిమినాడు.

"ఇది నేనెప్పుడు చదివానమ్మా?"

"ఎప్పుడో చదివింటారు సార్. మీరు చదవంది ఏముండాది ఈడ" అన్నాను. లోపల నవ్వు ఆపుకోలేక చస్తా ఉండాను. అప్పుడు ఆయన మొహం చూసింటే బాగుండేది.

ఆ రోజు తేనెటీగల్ని తీసుకుపోయినాడు. రెండు రోజులకు తెచ్చి, పటం మూడులో కొలత తప్పన్నాడు. అంటే నచ్చిందని అర్థం. ఆ తర్వాత రెండేండ్లు మా ఇద్దరికీ పండగే అనుకోండి. ఉప్పు పుస్తకం చదివి నెలరోజులు ఇంట్లో ప్రతి ఉప్పురాయిని భూతద్దంలో చూసినాడంట. చుక్కల పుస్తకం పట్టుకుని మేడెక్కి, సోడియం దీపాల వెలుగులో ఏమీ కనబడక కరెంటాఫీసుకు అర్జీ పెట్టినాడు. ఓడ వంటాయన కథ చదివి చేపల పులుసు పెట్టబోతే, సార్ భార్య గరిటె తీసుకుని వెంటపడింది. శుద్ధ శాకాహారులు పాపం. పద్యాలంటే మొదట చీదరించుకున్నాడు. ఒక రోజు బండి ఆపకుండానే, ఇంజను మోతలోనే ఒక పద్యం మొత్తం అప్పజెప్పి, "ఒక్క అక్షరం తీయడానికి లేదు, పాస్" అని పోయినాడు. ఆఖరికి గొర్రెల జబ్బులు కూడా చదివినాడు. "ఎవరికి సార్ ఇది" అని నేను అడిగితే, "మీ ఆయన దగ్గు చూస్తే అనుమానంగా ఉంది, అందుకు" అన్నాడు. నేను ఆయన్ను ఎక్కడికి తెచ్చినానో చూసుకుని నాకు గర్వం వచ్చింది. దొంగపని చేసినాననే మర్చిపోయినాను.

2002 వాన కాలంలో రెండు వారాలు రాలేదు. మూడో వారం ఆయన భార్య వచ్చింది. ఆమె పేరు బాలాత్రిపురసుందరి. నేను పెద్దమ్మా అంటాను. టీవీ సీరియల్ తప్ప పుస్తకం ముట్టని మనిషి, సార్ దగ్గరున్న మూడు పుస్తకాలు, ఆయన కార్డు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇంక రారటమ్మా. కార్డు ఇచ్చేయమన్నారు."

"ఏం పెద్దమ్మా, నాతో ఏమన్నా కోపమా?"

ఆమె కుర్చీలో కూర్చుని పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయనకి మతిమరుపు వచ్చిందటే. ఎప్పటినుంచో ఉందట, నాతో ఇప్పుడు చెప్పారు. చదివిన పుస్తకాలు గుర్తుండటం లేదట. ఇరవై తొమ్మిది పుస్తకాల పేర్లు రాసి పెట్టుకున్నారు. తన గుర్తు ఉంది, లోపల కథ ఒక్క ముక్క గుర్తు లేదట. హంతకుడెవడో తెలీదట. రాత్రిళ్ళు ఆ చీటీ పట్టుకుని కూర్చుంటున్నారు. స్కూటర్ మానేశారు, దారి తప్పుతానేమోనని. చొక్కా జేబులో ఇంటి అడ్రసు పెట్టుకుంటున్నారు. డాక్టర్ దగ్గరికి రమ్మంటే, తనిఖీ నేనే చేసుకున్నాను, రిజెక్టు అంటున్నారు. చదివింది నిలవని తలకి చదువెందుకు అని ఇవి పంపించేశారు."

 ఆమె ఏమేమో చెబుతానే ఉంది. రెండేండ్లుగా ఆ మనిషి నా దగ్గర ఈగల గురించీ ఉప్పు గురించీ పోట్లాడతా, లోపల ఈ భయం మోసినాడా? ఆ ఆరో పుస్తకం పట్టుకుని నిలబడింది కండ్ల ముందరికి వచ్చింది. నన్ను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

దేవరాజ్‌తో చెప్పినాను. "గమ్మునుండు" అన్నాడు. "లైబ్రరీలో దొంగ గుర్తులు పెడతాదని తెలిస్తే ఇంకెవరన్నా నీ గడప తొక్కుతారా? రెండొందల మంది గుర్తులుండాయి దాంట్లో." నిజమే. ఊరంతా చేరి నన్ను ఉతికేస్తుంది. లైబ్రరీ పోతే నాకు మళ్ళా కాలర్లే దిక్కు. అయినా పుస్తకాలు చదవకుండా ఆ ముసలాయన గోడ చూస్తా కూర్చున్నాడనుకుంటే నాకు అన్నం దిగలేదు. నీలం పెన్సిల్ చేతిలో పట్టుకుని వాళ్ళింటికి పోయినాను.

ఇంటి నిండా చీటీలు. గ్యాసు పొయ్యి మీద "ఆపావా?" తలుపు మీద "తాళం." కొళాయి మీద "కట్టు." "ఇంకా నా మీద అంటించలేదు" అని గొణిగింది పెద్దమ్మ. సార్ కిటికీ దగ్గర కూర్చున్నాడు. నన్ను చూసి నవ్వలేదు, కుర్చీ వంకర గురించి కూడా ఏమీ అనలేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

"ఆ గుర్తులు నావి సార్" అన్నాను. "మీరు హత్యలు మానాలని నేను గీసినాను. మీ తలకాయకు ఏమీ కాలేదు. నాకే ఈ పాపం తగులుకుంది." ఈగల పుస్తకం నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పేసినాను.

 ఆయన ఒక కాయితం ముందర పెట్టి, "గియ్యి" అన్నాడు. గీసినాను. భూతద్దం తీసి చూసినాడు. ఇంకా దగ్గరగా చూసినాడు.

"నీ టిక్కుకి తోక పొడుగు" అన్నాడు. "ఇది నేను రెండేళ్ళు పాస్ చేశానా? నన్నసలు ఆ ఫ్యాక్టరీలో ఎలా ఉంచుకున్నారు?" అని తల కొట్టుకున్నాడు. కండ్లల్లో నీళ్ళు కారిపోతా ఉండాయి. అంతలోనే నన్ను దొంగముండా అని తిట్టినాడు. అంత కమ్మగా ఎవరూ నన్ను తిట్టలేదు.

అప్పుడు ఆ చీటీ ఇచ్చినాడు. "ఇరవై తొమ్మిది. అన్నీ నీ పనేనా? చూసి చెప్పు."

వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చూసుకుంటా పోయినాను. దొడ్డబళ్ళాపురం సంచిలోవి ఇరవై ఎనిమిది, అన్నీ ఉండాయి. చివరన ఇంకొకటి ఉంది. అది ఆ సంచిలోది కాదు. నేను దాన్ని ముట్టుకోలేదు. గుంతకల్లు ప్యాసింజర్ పుస్తకం అది. అరగంట నా తల తిన్నది, నాలుగు పేజీల ఉత్తరం రాసింది, నెలరోజులు కంపెనీని తిట్టింది దాని గురించే. దాని పేరు పక్కన ఆయన చేతిరాతతో, "ఏమీ గుర్తు లేదు" అని రాసి ఉండాది.

సార్ నా మొహమే చూస్తా ఉండాడు.

"అన్నీ నావే సార్" అన్నాను. "అన్నిట్లోనూ నేనే గీసినాను."

ఆయన లేచి పొయ్యి మీది చీటీ పీకినాడు. తలుపు మీదిది పీకినాడు. రేపొచ్చి ఆ దొంగ గుర్తులన్నీ తానే తనిఖీ చేస్తానన్నాడు. నేను పరుగెత్తినట్టు ఇంటికొచ్చి, ముందు ఆ ఒక్క పుస్తకం తీసి నలభై ఒకటో పేజీలో గుర్తును రబ్బరుతో చెరిపేసినాను. తోక పొట్టి టిక్కు అది. ఎంత చెరిపినా నీలం కొంచెం మిగిలింది. ఆయన అడిగితే, తక్కినవి చెరిపేలోపే మీరొచ్చినారని చెప్పినాను.

పెద్దమ్మతో మాత్రం నిజం చెప్పినాను, ఆ ఒక్క గుర్తు నాది కాదని. ఎవరికో ఒకరికి చెప్పాల కదా. ఆమె కొంగుతో కండ్లద్దుకుని, "నాకు తెలుసే. మొన్న మా పెళ్ళయిన ఊరి పేరు అడిగారు" అంది. డాక్టర్ దగ్గరికి ఎట్లనో బీపీ వంకతో తీసుకుపోయింది. మందులు ఇచ్చినారు. ఆయనతో చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకుంది.

మా వీధిలో మళ్ళా కేకలు మొదలైనాయి. స్కూటర్ బదులు నడిచి వచ్చేవాడు, అంతే తేడా. ఇరవై ఎనిమిది హత్యలూ వరసగా చదివినాడు, మధ్యమధ్యలో పద్యాలు. ఆఖరికి ఒక రోజు ప్యాసింజర్ పుస్తకం పట్టుకుని అగ్గయి వచ్చినాడు.

"చూశావమ్మా ఈ ఘోరం? గుంతకల్లులో ప్యాసింజరెక్కినవాడు ముప్పావు గంటలో ధర్మవరంలో దిగుతాడా? వీళ్ళకి ఉత్తరం రాయాలి. ఇదిగో, రాశాను. కాపీ నువ్వుంచు, రికార్డుకి."

నాలుగు పేజీలు. "బాగుండాది సార్, పంపించండి" అన్నాను. ఆయన పోయినాక సొరుగు తీసి పాత ఉత్తరం పక్కన పెట్టి చూసినాను. ఒక్కొక్క మాటా అట్లే ఉంది. హతుడు ఇంకా బతికే ఉండాలి అనే వాక్యం కూడా. ఆ మధ్యాహ్నం లైబ్రరీ తెరవలేదు.

లైబ్రరీ ఇంకో నాలుగేండ్లు నడిచింది. సార్ ఉన్నన్నాళ్ళూ, ఏడాదికొకసారి ఆ పుస్తకంలో గుర్తు చెరిపి నేనే తీసి ఆయన చేతిలో పెట్టేదాన్ని. తప్పు పట్టుకున్న రోజు ఆయన మొహంలో ఉండే సంతోషం ఇంకే పుస్తకమూ ఇచ్చేది కాదు. నా సొరుగులో ఇప్పుడు ఐదు ఉత్తరాలుండాయి. ఐదోదాంట్లో చేతిరాత గాడి తప్పింది, గుంతకల్లు పేరు రెండుసార్లు కొట్టేసి రాసినాడు. కానీ దాంట్లో ఒక కొత్త తప్పు పట్టినాడు. బండెక్కినప్పుడు హంతకుని చేతిలో గొడుగు ఉందంట, దిగినప్పుడు లేదంట. ముందరి నాలుగుసార్లూ దాన్ని చూడలేదు ఆయన.